పేరు వదిలేసిన ఫుట్‌నోట్

దివాకర్‌లో చెప్పుకోదగ్గ సుగుణం ఒకటుంది. ఇతరుల ఫుట్‌నోట్లలో తప్పులు పడతాడు. ఫుల్‌స్టాప్ ఉండాల్సిన చోట కామా కనబడితే అతనికి అన్నం సహించదు. పరిశోధనలో ఆధారాలు ఎలా చూపాలో డిగ్రీ పిల్లలకు గంటలకొద్దీ చెబుతాడు, వాళ్ళు అడగకపోయినా.

అతని థీసిస్ వేరుశనగ రైతులు వాన రాకను పసిగట్టే గుర్తుల మీద. గుర్తులన్నీ చెప్పింది కణేకల్ దగ్గర ఒక పల్లెలోని తిరుపాలమ్మ. ఏ గుర్తు చెప్పాలన్నా ఆమె ముందు పేర్లు చెప్పేది. మా యత్త సుంకమ్మ చెప్పె, ఆయమ్మకు వాళ్ళ నాయన చెప్పె... అన్నీ పోయినవాళ్ళ పేర్లే. బతికున్నవాళ్ళ పేరు ఆ వరసలో పలకకూడదట.

"నేను పోయినాక నా పేరు గూడా చేర్చు నాయనా," అని అడిగింది. దివాకర్ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు.

నిరుడు ఎండల్లో ఆమె పోయింది. థీసిస్‌లో మాత్రం ఆ గుర్తుల కింద గైడు జయచంద్ర గారి వ్యాసం పేరు పడింది. ఆ వ్యాసంలో అవి లేవు. ఉన్నాయో లేవో తిరగేసి చూసేదెవరు?

వైవాకు ముందురోజు మధ్యాహ్నం, బుక్కరాయసముద్రంలోని అద్దె గదిలో, ఒకసారి విందామని ఫోన్‌లో పాత రికార్డింగు పెట్టాడు. కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగింది. బయట ఎండకు కాకి కూడా అరవడం లేదు. ఎక్కడినుంచో తడిసిన మట్టి వాసన... ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఫోన్‌లో ఆమె గొంతు. "సుంకమ్మ చెప్పె... వాళ్ళ నాయన చెప్పె..." ఆ వెంటనే మరో పేరు. "తిరుపాలమ్మ చెప్పె."

దివాకర్ రికార్డింగు తేదీ చూశాడు. ఆ రికార్డింగు చేసిననాడు ఆమె బతికే ఉంది.

గబగబా థీసిస్ తెరిచి పెన్ను తీశాడు. జయచంద్ర పేరు కొట్టేసి ఆమె పేరు రాయాలి. అంతే. రేపు అది గైడు కంట పడితే...

పెన్నుకు క్యాప్ పెట్టేశాడు.

మట్టి వాసన దగ్గరికొచ్చింది. చెవి పక్కకు.

"నా పేరు ఇడిస్తివా నాయనా."

"అవ్వా... డాక్టరేటు రానీ. పుస్తకం వేసేటప్పుడు రాస్తా."

ఫోన్‌లో మళ్ళీ మొదటినుంచి వరస. సుంకమ్మ. వాళ్ళ నాయన. తిరుపాలమ్మ. ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు...

"దివాకర్ చెప్పె."

ఆ గొంతు తిరుపాలమ్మది కాదు.

వైవా గట్టెక్కింది. పుస్తకానికి, వ్యాసానికి, వెబ్‌సైటుకు ఆధారం ఎలా చూపాలో డాక్టర్ దివాకర్‌ను నిద్రలో అడిగినా చెబుతాడు. రికార్డింగులోని ఆ చివరి మాటకు మాత్రం ఎవరి పేరు రాయాలో, ఏ తేదీ వేయాలో ఇంకా నేర్చుకోలేదు.