ఎనిమిదో తాత

"నీ ఏడుగురు తాతల పేర్లు చెప్పవయ్యా," అన్నారు జనార్ వాళ్ళ నాన్న సాపర్‌గలి, టీ గిన్నె నా చేతికిస్తూ.

పిల్లనడగడానికి వెళ్ళాను. వాళ్ళదీ మాదీ ఒకే తెగ. మా ఆచారంలో, తండ్రి నుంచి పైకి లెక్కేస్తే, ఏడు తరాల లోపు ఒక్క తాత కలిసినా అన్నాచెల్లెళ్ళ వరసే, పెళ్ళి మాట ఎత్తకూడదు. ఏడు పేర్లూ గడగడా చెప్పేశాను. అక్కడితో ఆగితే నేను ఎల్దోస్‌నెందుకవుతాను? మెప్పు కోసం ఎనిమిదోది కూడా వదిలాను. "కోషెన్!"

ఆయన మొహం మాడిపోయింది. "వాగు అవతలి కోషెనేనా?"

"ఆయనేనండీ!"

"ఆయన మాకు ఏడో తాత. టీ అక్కడ పెట్టి లే."

బయట వాన. జనార్ గేటు దాకా వచ్చింది, సాగనంపడానికి మాత్రం కాదు.

"ఏడడిగితే ఏడు చెప్పి నోరు మూసుకోవాలి. ఎనిమిదోది ఎవడు చెప్పమన్నాడు?"

"మీ నాన్న మెచ్చుకుంటారని..."

"మెచ్చుకున్నారుగా! కడుపు నిండిందా?"

"మా వైపు ఎనిమిది కదా, తప్పు లేదు."

"మా వైపు ఏడు. నాన్నకి అదే లెక్క."

"అయితే లేచిపోదాం."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. "మా నాన్న తలొంచుకుని తిరిగేలా చేసి నీతో కాపురం చెయ్యాలా? పో!" అని గేటు ధడాలున వేసింది.

తడుస్తూ ఇంటికి నడిచాను. ఎప్పుడో గుర్రం మీద తిరిగి మట్టిలో కలిసిపోయిన ముసలాయన ఇవాళ నా పెళ్ళికి అడ్డం పడతాడా? ఒళ్ళు మండిపోయింది. పైగా ఒక సంగతి మింగుడు పడలేదు. జనార్‌కీ నాకూ ఏడాది తేడా. అదే కోషెన్ నాకు ఎనిమిదో తాత, తనకి ఏడో తాత ఎలా అయ్యాడు?

పాత పుట్టుక, పెళ్ళి, చావు పుస్తకాలు ఆర్కైవ్ సైట్‌లో ఉన్నాయి. వారం రోజులు ఆఫీసు నుంచి రావడం, ఆ గజిబిజి రాతల్లో కళ్ళు పొడుచుకోవడం. ఎనిమిదో రోజు జనార్ పాఠాలు చెప్పే స్కూలు ముందు నిలబడ్డాను.

"మళ్ళీ వచ్చావా?"

"ఒక్క నిమిషం చూడు. తర్వాత తిట్టు."

"ఇప్పుడే తిడతాను. తర్వాత బస్సుంది."

అంటూనే గొడుగు నా వైపు వంచింది. ఫోన్‌లో వాళ్ళ తాత తులెగెన్ పుట్టుక పేజీ చూపించాను. 1938. తండ్రి ఎసెన్.

"తల్లి వయసు... యాభై రెండా?"

"మీ ముత్తవ్వ గట్టిదే."

బ్యాగుతో ఒక్కటిచ్చింది. రెండో పేజీ తీశాను. 1936లో ఎసెన్ పెద్దకొడుకు బాకిత్ పెళ్ళి. జనార్ దాన్ని రెండుసార్లు చదివింది. చెప్పాల్సిన పనేముంది? మొదటి మనవణ్ణి అవ్వాతాతలు తమ బిడ్డగా పెంచుకోవడం మా వాళ్ళలో మామూలే. వాడు తాతను నాన్నా అంటాడు, కన్న తండ్రిని అన్నయ్యా అంటాడు. కాగితాల్లోనూ అలాగే రాసేస్తారు.

"మా తాత బాకిత్ కొడుకా?"

"మీ లెక్కలో ఒక తరం జారిపోయింది జనార్. బాకిత్‌ని కలిపితే కోషెన్ మీకూ ఎనిమిదో తాతే."

ఎగిరి గంతేస్తుందనుకున్నాను. నా మీద ఇంతెత్తున లేచింది. "నాన్నకి ఏమని చెప్తావు? నీ తాత నీ తాత కాదు, పిల్లనియ్యి అనా? నువ్వు నోరు తెరవకు. నేను చెప్తాను."

చెప్పింది. నేను పక్కనే కూర్చున్నాను. సాపర్‌గలి నా ఫోన్‌ని బల్ల మీద విసిరికొట్టారు. "నీకు పెళ్ళి కావాలని మా నాన్నకి తండ్రిని మారుస్తావా?"

"యాభై రెండేళ్ళావిడ కన్నదా నాన్నా? నువ్వే చెప్పు!" అంది జనార్. తండ్రి మీద తను గొంతెత్తడం నేనెప్పుడూ వినలేదు.

"పొండి! ఇద్దరూ పొండి!"

నోరు తెరవొద్దంది కాబట్టి తెరవలేదు. ఫోన్ తీసి మూడో పేజీ పెట్టి ఆయన ముందుకు జరిపాను. జనార్‌కి కూడా చూపించనిది. 1983లో బాకిత్ చావు పేజీ. కింద, తెలియజేసినవారి పేరు: తులెగెన్. చనిపోయినవారికి ఏమవుతారు: కొడుకు. పక్కన సంతకం.

ఆయన చాలాసేపు చూశారు. అక్షరాలు పెద్దవి చేశారు, మళ్ళీ చూశారు.

"మా నాన్న సంతకమే," అన్నారు. "ఆ రోజు నేనక్కడే ఉన్నాను. నాన్న సమాధి మట్టిలో పడి ఏడుస్తుంటే, అన్న కోసం ఇంతగా ఏడుస్తాడేమిటీ అని సిగ్గుపడి పక్కకి లాగాను. నన్ను... నన్నెవరూ ఆపలేదేం?"

జనార్ ఆయన భుజం పట్టుకుంది. ఆయన ముక్కు తుడుచుకుని నా మీద విరుచుకుపడ్డారు.

"నువ్వేం చూస్తున్నావయ్యా గుడ్లప్పగించి? చేతులు చాపు! జనార్, నువ్వూ!"

ఇద్దరం దోసిళ్ళు పట్టాం. ఆయన కళ్ళు మూసుకుని పెద్దల పేర్లు తలుస్తూ మా పెళ్ళికి దీవెన మొదలుపెట్టారు. మొట్టమొదట పిలిచింది బాకిత్‌ని, తాతా అని.