సాలమన్ సార్ పాత ఆంప్

అమీర్‌పేటల ఖాళీ ఇల్లు దొరుకుడంటే దెయ్యం దొరుకుడు కన్నా కష్టం. మెట్ల కింద జర జాగ ఉన్నా మంచమేసి హాస్టల్ అంటరు. గసుంటి దిక్కు, పంజాగుట్టకు పోయే అడ్డదారిల ఒక్క ఇల్లు మాత్రం తాళమేసే ఉంటది. కిరాయి అడగనీకొచ్చిన పోరగాళ్లు సుత, పొద్దుగూకినంక లోపట గిటార్ తీగలు మోగుతయని వింటే చాలు, బ్యాగులు పట్టుకొని యూసుఫ్‌గూడ దిక్కు ఉరుకుతరు.

నేను రుద్రమ్మను. గా గల్లీ మొదట్ల చాయ్ బండి నాదే. నేనైతే ఏ తీగా వినలే... అయినా చీకటి పడ్డంక గా గేటు ముంగట నుంచి పోను. ఎందుకు పోవాలె? నాకేం పని?

గా ఇంట్ల సాలమన్ సార్ గిటార్ నేర్పుతుండె. మస్తు మంచి మనిషి. పోయిన ఏడు గుండె ఆగి దవాఖానల పోయిండు. ఇంటోళ్లు సామానంతా తీస్కపోయిన్రు గని ఆయన ఆంప్ ఆడనే ఉండిపోయింది. గిటార్ చప్పుడును పెద్దగ జేసే పాతకాలం పెట్టె, లోపట గాజు వాల్వులు. లేపుదామంటే నడుము పోతది, అదిరితే గాజు పోతది.

సార్ కొడుకు గిడియన్ సుత వాయిస్తడు, గని ఆంప్ బదులు చేతిల పట్టేటంత డిజిటల్ పెట్టెతోని. వాళ్ల చర్చిల స్టేజీ మీద ఆంపులు పెట్టనియ్యరు, ఆ చప్పుడుకు పసిపిల్లలు జడుసుకుంటున్నరంట. వైరు నేరుగ సౌండ్ మిక్సర్‌లకే.

సార్ పోయి ఏడాది నిండుతుంటే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నరు. గిడియన్ తల్లి దేవమణి వదినె మొండికేసింది.

"మీ నాయిన గిటార్ మోగని కూడికకు నేను రానురా. నీ పెట్టె సక్కగనే మోగుతది... గని అందుల ఆయన లేడు."

సార్ పోయినంక ఆమె చర్చి మెట్టెక్కలే. ఎవ్వరితోని సరిగ మాట్లాడలే. ఇప్పుడు గూడ రాకపోతే ఇగ ఎప్పటికీ రాదని పోరడు నా బండి కాడ కూసొని ఏడ్సిండు.

"ఆ ఆంప్‌కు, నీ పెట్టెకు తేడా ఏంది బిడ్డా?" అన్న.

"నాయిన ఆంప్ వేడెక్కాలె ఆంటీ. మెల్లగ మీటితే ముద్దుగ పలుకుతది, గట్టిగ కొడితే గుర్రుమంటది. నా పెట్టె గట్ల నటిస్తది, అంతే."

బొగ్గుల మీద కాగిన చాయ్‌కు, మిషన్ చాయ్‌కు ఉన్న తేడా అన్నట్టు. నాకు ఎంబడే సమజయింది.

"గని నాయిన ఆంప్ గొంతును నా పెట్టెకు నేర్పియ్యొచ్చు ఆంటీ. ఒక్క రాత్రి గా ఇంట్ల కూసుంటే చాలు. చప్పుడు గట్టిగ పెట్టాలె, నా కిరాయి రూముల పెడితే ఓనర్ ఎల్లగొడతడు. నా పెట్టెకు బ్యాటరీ ఉన్నది, ఫికర్ లేదు. నాయిన ఆంప్‌కే కరెంటు గావాలె, లేకుంటే అది మూగదే."

గా ఇంట్ల కరెంటు ఎప్పుడో కోసేసిన్రు. గిడియన్ ఎదురుంగ జిరాక్స్ దుకాణం విజయేందర్‌ను అడిగి, బయటి బోర్డు నుంచి గేటు కిందికెల్లి పొడుగు వైరు గుంజుకున్నడు. విజయేందర్ షటర్ దించి ఇంటికి పోయిండు. దుకాణం కాడ పండుకునే వాచ్‌మన్ కనకయ్యకు మాత్రం ఒక్క ముక్క చెప్పలే. ఆడనే వచ్చింది తంటా.

కనకయ్య నాకు చెప్పింది చెప్పినట్టు చెప్తున్న.

అన్నం తిని వచ్చి మంచం వాలుస్తుండట. గల్లీ సప్పుడు లేదు. కుక్క సుత మొరుగుతలేదు...

అప్పుడు — గా ఇంట్లకెల్లి — ఊఊఊ... అని ఓ కూత.

సన్నగ మొదలై పైకి, పైపైకి పోయి ఈల లెక్కయింది. ఆగింది. ఎంబడే గొంతు పిసికినట్టు గురక. మళ్ల టక్... టక్... టక్...

కనకయ్యకు చెమటలు వట్టినయి. ఆంజనేయస్వామిని తలుసుకుంట గేటు సందుల నుంచి సూసిండు. కిటికీ ఎనుక ఎర్రగ వెలుగు. దీపం గాదు, బల్బు గాదు...

"ఎవర్రా..." అన్నడు. ఆయనకే ఇనవడలే.

తెల్లారి నా బండి కాడికి వచ్చిండు, ఒళ్లంతా జ్వరం. "అక్కా, నాకు చాయ్ వద్దు. తాయెత్తు ఎవరు కడ్తరో చెప్పు."

గిడియన్ అప్పుడే వచ్చి విన్నడు. నవ్వీ నవ్వీ బెంచీ మీదికెల్లి పడ్డంత పనయింది. "అది దెయ్యం గాదు అంకుల్! నా పెట్టె నాయిన ఆంప్‌కు కూతలు, ఈలలు, గురకలు అన్నీ పంపిస్తది. ఒక్కొక్కదానికి అది ఎట్ల పలుకుతదో ఇని నేర్సుకుంటది."

"అమీర్‌పేట కదరా, పెట్టెలు సుత కోచింగ్‌కొస్తున్నయి" అన్న. బండి కాడున్నోళ్లంతా పడి పడి నవ్విన్రు. కనకయ్య ఒక్కడే నవ్వలే. నోరు తెరిసిండు, మళ్ల మూసుకున్నడు.

"నేర్సుకున్నంక చీకట్ల కూసొని నాయిన కట్టిన పాట వాయించిన ఆంటీ" అన్నడు గిడియన్. "ఓసారి పెట్టెల, ఓసారి ఆంప్‌ల, మార్చి మార్చి. వాల్వులు ఎర్రగ వెలుగుతనే ఉన్నయి. ఏది ఏదో నాకే తెల్వలే."

బతిమాలితే వదినె కూడికకు వచ్చింది. ఎనుక బెంచీల, నా పక్కన కూసున్నది. స్టేజీ మీద ఆంప్ లేదు, గా చిన్న పెట్టె ఒక్కటే. గిడియన్ మొదటి తీగ మీటంగనే ఆమె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది.

"ఆయనే..." అన్నది మెల్లగ. "రుద్రమ్మా, గిది ఆయనే."

పాట అయినంక లేసి ముంగటికి పోయింది, కొడుకును కావలిచ్చుకొని మనసార ఏడ్సింది. నేను సుత ఏడ్సిన, ఎందుకు దాసుడు.

సంతోషం పట్టలేక మర్నాడు పొద్దుగాలనే కనకయ్యకు అంతా చెప్పిన. "సూసినవా, నీ దెయ్యం ఎంత మంచి పని జేసిందో!"

కనకయ్య గ్లాసు కింద పెట్టిండు.

"మీరు నవ్వుతరని చెప్పలే అక్కా. ఆ రాత్రి కూత మొదలుగాంగనే మన బోర్డుల వైరు సూసిన. దొంగో దెయ్యమో, సేటు కరెంటు దానికెందుకని ప్లగ్గు పీకేసిన."

"మరి ఆగలేదా?"

"ఆగలే... ఎర్ర వెలుగు సుత పోలే. కూతలు అయిపోయి పాట షురువయింది. బోర్డు కాడనే నిలవడ్డ. పాట ఒడిసినంకనే ప్లగ్గు మళ్ల పెట్టి ఉరికిన."

నేను గిన్నె దించి ఆయన దిక్కు తిరిగిన.

"అందాక, అక్కా... ప్లగ్గు నా చేతిలనే ఉన్నది."