సామ్రాజ్యం వేలిముద్ర

తిరువూరు చర్చి వెనక గదిలో ఆ శనివారం సాయంత్రం సుందరరాజు మాస్టారు కుదురుగానే కూర్చున్నాడు. మిషన్ బడిలో పంతులు, సంఘానికి సెక్రటరీ. ముత్యాల్లాంటి చేతిరాత అని పేరు. పంతొమ్మిది వందల డెబ్భై మూడు, జూలై ముసురు. బయట సన్నటి వాన. లోపల తడిసిన చాపల వాసన, గబ్బిలాల కంపు, కిరసనాయిలు దీపం.

రాయాల్సింది రిబ్కా ఒప్పుకోలు పత్రం. ఆ సంఘంలో పెళ్ళికాని ఆడమనిషికి కడుపొస్తే ఆదివారం అందరి ముందూ ఆ పత్రం చదువుతారు. అందులో "నేను" అని ఉంటుంది గాని రాసేది సెక్రటరీ. ఆమె వేలిముద్ర వేసి, ఏడాదిపాటు గడప అవతలే నిలబడి ఆరాధన వినాలి. మగవాడైతే పాస్టరుగారి గదిలో మోకరించి, ప్రార్థన చేసుకుని, టీ తాగి ఇంటికి పోతాడు. ముల్లు వచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే అని లోకమంతా అంటుంది. "నన్ను నేనే చించుకున్నాను" అని ఆకు చేత చెప్పించడం మాత్రం ఈ పెద్దలకే చెల్లింది.

ఈసారి ఆ మగవాడు పెళ్ళాంపిల్లలున్న సుందరరాజే. బడి ఊడవడానికి వచ్చే ఇరవై రెండేళ్ళ రిబ్కా వద్దంటున్నా వినలేదు. ఆమె ఇంకా అతని పేరు బయటపెట్టలేదు. పెడితే ఉద్యోగం, పరువు రెండూ గంగలో కలుస్తాయి. అతనిది పాపభీతి కాదు, ఉద్యోగభీతి. అందుకే పత్రం పకడ్బందీగా ఉండాలి.

నమూనా కోసం పాత పెట్టెలోంచి నలభై ఏళ్ళనాటి కాగితం తీశాడు. సామ్రాజ్యం అనే ఆవిడ ఒప్పుకోలు. రాసింది తన తండ్రే. ఆవిడ ఆ గడప దగ్గర నిలబడి నిలబడి, చివరికి ఒక ఆదివారం నూతిలో తేలిందట.

"నేను నా నవ్వుతో, నా చూపుతో ఒక సహోదరుణ్ణి పాపంలోకి లాగాను..." పేరు మార్చి ఉన్నదున్నట్టు దించేశాడు. తండ్రి మంచి దారే వేసిపోయాడనుకున్నాడు.

తలుపు దగ్గర అలికిడైంది.

గడప అవతల ఒక ఆడమనిషి. తల మీదుగా కొంగు. మొహం కనబడడం లేదు. పాచిపట్టిన నీళ్ళ వాసన గదిలోకి వచ్చింది.

"వేలిముద్రకు వచ్చావా రిబ్కా? లోపలికి రా."

"మేం గడప దాటకూడదు కదండీ..." గుసగుసగా అందామె. "చదవండి."

చదివాడు.

"అన్నీ నా మాటలేనా అండీ?"

"నీ మాటలే."

"నేను నవ్వానా?"

సుందరరాజు సిరాబుడ్డి దగ్గరికి లాక్కున్నాడు.

"అప్పుడూ ఇట్టాగే... చేసిందీ ఆయనే. రాసిందీ ఆయనే."

"ఎవరు?"

చెయ్యి ఒక్కటే గడప దాటి లోపలికి వచ్చింది. తెల్లగా... ఉబ్బి... అతనికి ముట్టుకోవాలని లేదు. కానీ ఎందరి వేళ్ళో పట్టి నొక్కిన అలవాటు. బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది కాగితం మీద నొక్కాడు. వేలు నానిన అటుకుల్లా మెత్తగా దిగబడింది. కాగితం మీద మచ్చ పడింది. గీతల్లేవు... ఒక్క గీత కూడా లేదు.

తలెత్తాడు. గడప అవతల వాన తప్ప ఎవరూ లేరు.

కాసేపటికి సంఘపెద్ద ప్రభుదాసు గొడుగు దులుపుకుంటూ వచ్చాడు.

"రిబ్కా వేలిముద్ర వేసి వెళ్ళిందండీ," అన్నాడు సుందరరాజు, కాగితం మడుస్తూ.

"రిబ్కానా? పొద్దుట్నుంచీ మా ఇంట్లోనే జ్వరంతో పడుందయ్యా. మా ఆవిడ పక్కనే ఉంది." ప్రభుదాసు గొంతు తగ్గించాడు. "ఆ మగాడెవరో ఎంత అడిగినా చెప్పట్లేదు. నీకేమన్నా తెలిస్తే ఇప్పుడే చెప్పు. ఆ పిల్లనొక్కదాన్నే నిలబెట్టడం నాకూ మనసొప్పట్లేదు."

సుందరరాజు గడప వైపు చూశాడు. రాతి మీద తడి పాదాల గుర్తులు. కాలివేళ్ళు లోపలి వైపుకే ఉన్నాయి. చెప్పేయాలనిపించింది. నిజంగానే అనిపించింది. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"తెలియదండీ," అన్నాడు.

పెద్దాయన వెళ్ళగానే ఆ కాగితాన్ని దీపం మీద కాల్చి, మరొకటి రాశాడు. దాని మీద తెల్లారి రిబ్కా జ్వరంతోనే వచ్చి వేలిముద్ర వేసింది.

ఆరాధన మొదలైంది. రిబ్కా గడప అవతల నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. సుందరరాజు పత్రం విప్పాడు.

"నేను నా నవ్వుతో..."

రిబ్కా వెనక ఇంకొకామె. తల మీదుగా కొంగు.

చూశాడు. అయినా ఆపలేదు. ఆపితే ఎందుకాపావని అడుగుతారు. చివరిదాకా చదివాడు. ఆఖరి మాట పూర్తయ్యేసరికి ఆమె గడప మీద కాలు పెట్టింది...

దాటింది.

ఎవరూ తల తిప్పలేదు. ఆడవాళ్ళ చాపల మధ్యగా మెల్లగా నడిచింది. ఎవరినో వెతుకుతున్నట్టు ఒక్కొక్కరి ముందూ ఆగింది... మళ్ళీ నడిచింది... ఆగింది.

అక్కడ తల్లి పక్కన సుందరరాజు చిన్న కూతురు కూర్చుని ఉంది. ఆ పిల్ల తలెత్తి పైకి చూసి నవ్వింది. గౌను సర్దుకుని, పక్కకు జరిగి, చాప మీద చోటిచ్చింది.