కాగితాలు తీసిన మధ్యాహ్నం

దెయ్యాలంటే నాకెప్పుడూ భయం లేదు. దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటేనే ఒళ్లుమంట. ఆ సాగదీతలు, ఆ కళ్లు తిప్పడాలు, ఒక్కళ్లూ సూటిగా చెప్పి చావరు. అందుకే నాకు జరిగింది నేనే చెబుతున్నాను, ఉన్నదున్నట్టు.

చెప్పుల దుకాణం పైన రెండు గదులు నావి. ముందు గదిలో కుట్టుమిషను, కోతబల్ల, ఇస్త్రీపెట్టె. వెనక గదిలో బట్టల తానులు, దూది. ముప్పై ఏళ్లుగా ముక్కల బొంతలు కుడుతున్నాను. ఆదివారం పొద్దున పదిమందికి నేర్పుతాను కూడా. నేను నేర్పుతాను, వాళ్లు నేర్చుకోరు. ఒకావిడకి రెండేళ్లయినా తిన్నగా కుట్టు పడదు గానీ, వంపులు ఎప్పుడు మొదలుపెడతారండీ అని వారం వారం అడుగుతుంది.

వంపులంటే ఆటలనుకుంటారు. తిన్నని అంచుకి తిన్నని అంచు ఎవరైనా అతుకుతారు. లోపలికి తిరిగిన అంచునీ బయటికి తిరిగిన అంచునీ కలపాలంటే గుడ్డ సాగుతుంది, ముడతపడుతుంది, మధ్యలో బుడిపెలా లేస్తుంది. అందుకని చాలామంది కాగితం మీద కుడతారు. కాగితం మీద గీతలు గీసి, అంకెలు వేసి, కింద గుడ్డముక్కలు పెట్టి, గీతమీదే మిషను నడుపుతారు. కాగితం ఉన్నంతసేపూ గుడ్డ అటూ ఇటూ కదలదు. పని అయ్యాక కాగితం చింపేస్తారు. అది చేతికర్రలాంటిది. కాళ్లున్నవాళ్లకి అక్కర్లేదు.

మా తోడికోడలు బతికినన్నాళ్లూ ఆ చేతికర్ర వదల్లేదు. నా దగ్గరే నేర్చుకుంది, నా పరువు తీయడానికి. ఆవిడ చేతికుట్టు చూస్తే కోడిపిల్ల బురదలో నడిచినట్టుండేది. "అక్కా, ఇది చూడు" అని ప్రతి ముక్కా పట్టుకొచ్చేది. "బావుందిలే" అనేదాన్ని, తలెత్తకుండానే.

ఆవిడ పోయి మూడు నెలలు. పోతూ ఒక బిస్కెట్ల డబ్బా వదిలిపోయింది. అందులో ముప్పై ఆరు బ్లాకులు, అంటే గుడ్డముక్కలు అతికి చేసిన చదరాలు. ఒక్కోటి తొమ్మిదంగుళాలు, ఒక్కోదానిలో పావు సున్నా. నాలుగు కలిపితే ఒక నిండు సున్నా. అన్నిటి వెనకా కాగితం అలాగే ఉంది. కూతురికి పుట్టబోయే బిడ్డ కోసం కుట్టింది పాపం, పూర్తికాలేదు. ఆ పిల్లకి అప్పటికే రెండుసార్లు కడుపు పోయింది. ఈసారి ఎనిమిదో నెల వచ్చింది. మంచం దిగితే ఊరుకోనన్నాడు డాక్టరు.

డబ్బా ఆ పిల్లే పంపించి, ఫోన్ చేసింది.

"పెద్దమ్మా, అమ్మ ఒక మాట చెప్పమంది. బ్లాకులన్నీ ఒకదానికొకటి కలిపి కుట్టేదాకా కాగితాలు తీయొద్దంట. ఒక్కటి కూడా."

"మీ అమ్మా నాకు చెప్పేది?"

"కోప్పడకు పెద్దమ్మా. ఆఖరి రోజు కూడా అదే చెప్పింది."

"సరేలే, పడుకో," అన్నాను. ఆఖరి రోజున మనిషికి చెప్పడానికి ఇంకే మాటా దొరకలేదా అనుకున్నాను.

ఆ ఆదివారం క్లాసు అయ్యాక డబ్బా తెరిచాను. బయట వాన ఎడాపెడా కొడుతోంది. మధ్యాహ్నం మూడు కూడా కాలేదు, గదిలో లైటు వేసుకోవాల్సి వచ్చింది. కింద తడి తోలు వాసన, పైన మిషను నూనె వాసన. కాగితంతో కలిపి కుడితే అతుకులు మందంగా వస్తాయి, అలాంటి మోటు పని నా గదిలోంచి బయటికి పోదు. నేను చేసిందల్లా ఇదే. ఒక్కో బ్లాకు తిరగేసి, వెనకున్న కాగితం పర్రుమని చింపి బుట్టలో పడేశాను. కూతురి పాత స్కూలు నోట్సులు చించి వాడింది మహాతల్లి. ఒక్కోదాని మీద వరస అంకె, ఆ వంకర రాతలో. ఒకటి నుంచి ముప్పై ఆరు దాకా చింపాను. ముప్పై ఆరోది చింపుతుంటే నొప్పులమందు వాసన గుప్పుమంది. ఆవిడ మణికట్లకి రాసుకునే మందు. డబ్బాకి పట్టి ఉంటుంది, అనుకున్నాను.

బ్లాకులు బల్లమీద పరిచి స్కేలు పెట్టాను. తొమ్మిదిన్నర అంగుళాలు.

నవ్వొచ్చింది. చూశావా నీ పనితనం, కాగితం తీస్తే నిలబడలేదు! ఇంకోటి కొలిచాను. పది. మొదటిదే మళ్లీ కొలిచాను. అదీ పది. సాగితే సాగింది, కానీ ఎవరూ ముట్టుకోకుండా ఎలా సాగుతుంది? చూస్తుండగానే దాని మధ్య భాగం, వంపు అతుకు దగ్గర, మెల్లగా పైకి లేచింది. వేడిగా ఉన్న ఇస్త్రీపెట్టె తీసి దానిమీద నొక్కాను. ఆవిరి లేచింది, గుడ్డ అణిగింది. పెట్టె తీశాను.

మళ్లీ లేచింది... అణిగింది... మళ్లీ లేచింది. ఊపిరి తీసుకున్నట్టు.

అప్పుడే కరెంటు పోయింది. అప్పుడే ఫోన్ మోగింది.

"పెద్దమ్మా..." ఆ పిల్ల గొంతు సన్నగా వినిపించింది. "కడుపు లాగేస్తోంది. గుడ్డ పట్టుకుని నాలుగు పక్కలా గుంజినట్టు... ఇందాక ఒక్క క్షణం పొట్టమీద కాలింది కూడా. చురుక్కుమంది. చూస్తే ఏమీ లేదు."

నా చేతిలో ఇస్త్రీపెట్టె ఇంకా ఉంది. దాన్ని కింద పెట్టడానికి చాలాసేపు పట్టింది నాకు.

"మీ ఆయనేడీ?"

"ఆంబులెన్సుకి ఫోన్ చేస్తున్నారు. రోడ్డు మునిగిందట. ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు."

ఆ అబ్బాయికి సొంతంగా నీళ్లు కాచుకోవడం కూడా రాదు. అంతా వాడి తప్పేనని వాడిని తిట్టుకుంటూ నిలబడ్డాను, బ్లాకుల వైపు చూడకుండా. ఇలాంటివి నమ్మే మనిషిని కాను నేను. నమ్మేవాళ్లని చూసి నవ్వే మనిషిని. అందుకే, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని, ఒక బ్లాకు మూల రెండు వేళ్లతో పట్టుకుని... కొంచెం లాగాను.

అవతల ఆ పిల్ల మూలిగింది.

అలా లాగి చూసినందుకు నా మీద నాకు ఈరోజుకీ అసహ్యమే. తెలివైనదాన్నని నాకున్న పొగరంతా ఆ రెండు వేళ్లలోనే ఉంది.

"పెద్దమ్మా, బిడ్డ జారిపోతోంది," అంది ఆ పిల్ల ఏడుస్తూ. "మళ్లీ అలాగే అవుతోంది. రెండుసార్లూ ఇలాగే మొదలైంది."

"పోదు. కదలకుండా పడుకో. ఫోన్ పెట్టేయకు. నేనున్నాను."

ఫోన్ స్పీకరులో పెట్టి, బుట్ట బల్లమీద బోర్లించాను. చిరిగిన కాగితాలు. కిటికీ దగ్గర మిగిలిన వెలుతురులో అంకెలు వెతికాను. ఒకటి. దాని బ్లాకు వెనక ఆ కాగితం ముక్కలు మళ్లీ పేర్చి, సూదితో చకచకా టాకాలు వేయడం మొదలుపెట్టాను. గుడ్డ నిలవడం లేదు. ఇటు పట్టుకుంటే అటు జారుతోంది. ఇంకో మనిషి కావాలి, బల్లకి అవతలి పక్క నుంచి అంచు పట్టుకోవడానికి.

అవతలి అంచు బిగిసింది.

తలెత్తలేదు. ఆ అంచు ఎవరు అలా పట్టుకుంటారో నాకు తెలుసు. ఆవిడకి పట్టుకోవడం కూడా సరిగా రాదు, మరీ గట్టిగా లాగుతుంది. నొప్పులమందు వాసనకి కళ్లు మండుతున్నాయి.

"అంత లాగకు," అన్నాను గొణుగుతూ. అలవాటైన మాట, అదే వచ్చింది నోట్లోంచి.

పట్టు కొంచెం సడలింది.

ఒకటోది అయింది. బల్లమీద పెడితే చదునుగా పడుకుంది, కదల్లేదు. రెండోది అయింది. మూడోది. ఆరోదాని కోసం చెయ్యి చాచాను. దానికి అప్పటికే కాగితం కుట్టేసి ఉంది. లావాటి, వంకర టాకాలు. ఏడో దానికీ అంతే. ఎనిమిది నేను... తొమ్మిది ఆవిడ... వాన తగ్గలేదు. ఇద్దరి దారాలూ కాగితంలోంచి సర్రుసర్రుమంటున్నాయి. నాది ఆగినా రెండో చప్పుడు ఆగలేదు.

"కొంచెం నయం పెద్దమ్మా," అంది ఫోన్లో ఆ పిల్ల, చాలాసేపటికి. తర్వాత గుసగుసగా అడిగింది. "అక్కడ నీతో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి ఎవరో లెక్కపెడుతున్నారుగా..."

నాకు ఏ లెక్కా వినబడలేదు. ఇంకా గట్టిగా వంగి కుట్టుకుంటూ పోయాను. ముప్పై ఆరూ పూర్తయ్యేసరికి చీకటి పడింది. ఆ చీకట్లో నా చెవి పక్కనే ఒక్క మాట, పొడిగా.

"బావుందిలే."

నేను అనే మాటే అది. నేను అనే తీరే.

కరెంటు వచ్చింది. బల్లకి అవతల కుర్చీ ఖాళీ. ఆ పిల్ల నిద్రపోయింది. ఆంబులెన్సు రావాల్సిన అవసరమే రాలేదు.

తర్వాత వారం రోజులు ఇంకే పనీ పెట్టుకోలేదు. బ్లాకులు కలిపి కుట్టాను, నాలుగు పక్కలా, కాగితాలతో సహా. కలిపి కుట్టాక తీయొచ్చని ఆవిడే చెప్పిపోయింది. నాకు ధైర్యం చాల్లేదు. కింద బట్ట, మధ్యలో దూది, పైన ఆ తొమ్మిది సున్నాలు, అన్నీ కలిపి చేత్తో కుట్టేశాను. మడతపెడితే గరగరమంది. నా దగ్గర నేర్చుకునేవాళ్లెవరైనా అలాంటిది చేసుంటే ముఖాన కొట్టేదాన్ని.

అయిదు వారాలకి ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండి, సలక్షణంగా. మర్నాడు పొద్దున్నే బొంత సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. తల్లి మొహంలో వెలుగు చూస్తే నాకు నిజంగా సంతోషమేసింది. అరగంట సేపు ఎవరిమీదా కోపం రాలేదు, అల్లుడి మీద కూడా.

"ఎంత మెత్తగా ఉంది పెద్దమ్మా," అంది బొంత ఒళ్లో పరుచుకుని.

మెత్తగా? దగ్గరికి వెళ్లి చెయ్యి వేశాను. ఒక్కో బ్లాకూ నలిపి చూశాను. చప్పుడు లేదు. ఒక మూల అతుకు గోరుతో విప్పి వేలు లోపలికి పోనిచ్చాను. గుడ్డ. దూది. గుడ్డ. నా కుట్లు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కాగితం లేదు. ఎక్కడా లేదు.

"ఎత్తుకో పెద్దమ్మా, ఏం చూస్తున్నావు?" అని బిడ్డని నా చేతుల్లో పెట్టింది ఆ పిల్ల. గుప్పెడంత ప్రాణం, వెచ్చగా ఉంది. నిద్రలో ఒళ్లు విరుచుకుంది.

గరగరమంది.

బొంత మంచం మీద ఉంది. బిడ్డ ఒంటిమీద పల్చటి నూలు చొక్కా తప్ప ఏమీ లేదు. చెవి దగ్గరగా తెచ్చి విన్నాను. ఊపిరి పీల్చినప్పుడల్లా, పక్కటెముకల వెనక ఎక్కడో, నెమ్మదిగా... కాగితం నలిగినట్టు...

నర్సు వచ్చి చేతులు చాచింది. "ఇలా ఇవ్వండమ్మా. మొదటి స్నానం చేయించాలి."

"వద్దు," అన్నాను. "తడపకండి. పొడిగుడ్డతో తుడవండి చాలు."

"ఎందుకండీ?"

బిడ్డని గుండెకి గట్టిగా హత్తుకున్నాను. నర్సు అల్లుడి వైపు చూసి చిన్నగా నవ్వింది, పని తెలిసినవాళ్లు తెలియనివాళ్లని చూసి నవ్వే నవ్వు. "పెద్దవాళ్లు ఇలాగే భయపడతారు లెండి," అని నా వేళ్లు ఒక్కొక్కటే విడదీసి బిడ్డని తీసుకుపోయింది.

పక్కగదిలో కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది.