ముబషిరా చర్మం

"మా అన్న ఇయ్యాల మంచి మాట చెప్పనీకె వస్తలేడు. షాజియాను ఇగ వాళ్లింటికి తీస్కపోం అని చెప్పనీకె వస్తుండు," అన్నది ఖైరున్నిసా, పొయ్యి మీద చాయ్ ఇంకా మరగకముందే.

కూతురు షాజియా నవ్వింది. రెండేళ్ల ముబషిరాను ఒళ్లో వేసుకుని, స్నానం తడి ఆరకుండానే నూనె రాస్తోంది. "మామూ ఎక్కిన బస్సు ఇంక వనపర్తి దాటనే లేదు అమ్మీ. నువ్వు అప్పుడే పంచాయితీ పెట్టినవ్."

ముబషిరా ఒళ్లంతా పుట్టినప్పటి నుంచీ చేప పొలుసుల్లా ఎండి పగిలిపోతుంది. షాజియా కట్టుకున్నది మేనమామ నబీ సాబ్ కొడుకు అజీజ్‌నే. కడుపుతో ఉండగా గ్రహణం నాడు చేపలు కోసిందని, బిడ్డ అందుకే ఇలా పుట్టిందని అత్తింట్లో తేల్చేశారు. ఆ మాటలు పడలేక షాజియా రంజాన్ అయ్యాక ఆత్మకూరులో తల్లి దగ్గరికి వచ్చేసింది. ఖైరున్నిసా కూడా లోలోపల ఆ గ్రహణాన్నే తిట్టుకునేది. పోయిన వారం హైదరాబాద్ డాక్టరమ్మ, మొగుడూ పెళ్లాల రక్తపరీక్షలు చూసి వేరే సంగతి చెప్పింది. అది అన్న చెవిన వేస్తే పుట్టిల్లు దూరమవుతుందేమోనని ఆమెకు కొత్త భయం పట్టుకుంది.

నబీ సాబ్ వచ్చాడు. వనపర్తిలో మోటార్ వైండింగ్ దుకాణం ఆయనది. చాయ్ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"ఖైరూ, మీ వదిన ఒప్పుకుంటలేదు. గ్రహణం నాడు కత్తిపీట ముందర కూసున్న పిల్లను ఎట్ల తెచ్చుకోవాలె అంటది. కొన్నాళ్లు ఈడనే ఉండనీ."

"ఆ చేపలు తెచ్చింది నువ్వే గద మామూ," అంది షాజియా.

నబీ సాబ్ ముఖం ముడుచుకుంది. కూతురి నోరు మూయించాలని ఖైరున్నిసా చెయ్యెత్తి, ఎందుకో దించేసింది.

"గ్రహణం కాదు భాయ్. ఇది రక్తంల వచ్చిందంట. మన అబ్బా నుంచో, అమ్మీ నుంచో నీకొచ్చింది, నాకొచ్చింది. నీ నుంచి అజీజ్‌కు, నా నుంచి షాజియాకు."

"నా ఒంటికేమైంది? మంచిగనే ఉంది గద."

"చేనుకు రెండు మోటార్లు ఉన్నయనుకో మామూ," అంది షాజియా. "ఒకటి కాలిపోయినా రెండోది నీళ్లు పారిస్తది. చేను ఎండదు, ఎవలకు తెల్వదు. మన ఒంట్ల గూడ గట్లనే, అందరికీ ఒక్కొక్కటి కాలిందే. దీనికి మాత్రం ఇద్దరి నుంచీ కాలినవే వచ్చినయి."

"మల్ల వచ్చే కాన్పుకు?"

"నాలుగు పాళ్లల్ల ఒక పాలు భయం. ముందే పరీక్ష చేస్తరంట."

నబీ సాబ్ గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు లేచి వెళ్తాడు, ఇక పండగకు పిలవడు, రేపు నేను చచ్చినా మట్టి వెయ్యడానికి రాడు అని ఖైరున్నిసా మనసు ఎక్కడెక్కడికో పోయింది. ముబషిరా మాత్రం తప్పటడుగులతో వెళ్లి ఆయన మోకాలు పట్టుకుని నిలబడింది. ఆయన ఆ గరుకు చేతిని చూశాడు. నెమ్మదిగా దాని మీద తన చెయ్యి వేశాడు.

"అంటే దీంట్ల అబ్బానో, అమ్మీనో ఉన్నరు గద ఖైరూ," అన్నాడు చివరికి. "ఇంటి మనిషిని బయట ఉంచుతమా? షాజియా, బట్టలు సర్దుకో బిడ్డా. మీ మామీకి నేను చెప్త."