పసుపు చేతుల యువరాణి

పూర్వం జంటపురి అనే ప్రాణమున్న నగరం ఉండేది. అది పెరిగి పెరిగి ఒకనాడు రెండుగా చీలి, ఒకే తీరున్న రెండు నగరాలయ్యేది. కోటలోని మాయదారాలు ఊరి పనులన్నీ నడిపేవి. ఒక్కో దారంలో ఎన్నో పనులు నిద్రపోతుండేవి, అవసరమైనవే మేలుకునేవి. చీలిక రోజున తెగిపోకుండా దారాలను బిగించి ఉండలు చుట్టేవారు. అప్పుడు ఊరంతా మౌనం. చుట్టేముందు మాత్రం, మేలుకున్న పనుల చోట పసుపు పూసేవారు. చీలిక ముగిశాక మళ్లీ అక్కడే పని మొదలయ్యేది.

యువరాణి విద్యున్మాలకు ఆ మరకలంటే ఏవగింపు.

"ఛీ! రాజుగారి దారాలకు వంటింటి మురికా? కడిగెయ్యండి!"

"అవి గుర్తులు తల్లీ," అంది దాది గౌరమ్మ.

"నీ గుర్తులు నీ గుడిసెలో పెట్టుకో."

పసుపు కడిగేసి దారాలు చుట్టారు. నగరం చీలింది. ఉండలు విప్పగానే వంటశాలలో యుద్ధభేరి మోగింది. నిద్రపోవలసినవి లేచాయి, పాల పని లేవలేదు. ఊళ్లో చుక్క పాలు లేక యువరాణి పసితమ్ముడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లాడు.

ఎంత కడిగినా చెరగని పసుపు అడవిలో ఉందని గౌరమ్మ చెప్పగా, విద్యున్మాల అడవి దారి పట్టింది. బురదవాగు దగ్గర ఒక నక్క పళ్లికిలించింది.

"పల్లకి రాలేదా, పట్టుపాదాలమ్మా?"

"తప్పుకో, కంపు!" అంటూనే ఆమె మోకాటిలోతు బురదలో దిగింది.

అవతల పింగాక్షుడనే రాక్షసుడు పసుపుమడిలో కూర్చుని ఉన్నాడు.

"ముక్కు మూసుకుని అడుక్కోవడానికొచ్చావా? పసుపు కొమ్ము ఇస్తే ఎక్కడ పూస్తావే? గుర్తులు కడిగించింది నువ్వేగా!"

ఆమె ముక్కు మీంచి చెయ్యి తీసింది.

"తమ్ముడికి పాలు లేవు," అంది. "ఏం చెయ్యాలో చెప్పు."

"దారాలు మళ్లీ చుట్టించు. చీలికకు ముందు పని నడిచిన చోటే ఇంకా వెచ్చగా ఉంటుంది. ఒట్టి చేత్తో తడిమితేనే తెలుస్తుంది. ముందు ఆ కొమ్ము నువ్వే తవ్వుకో. గోళ్లు విరుగుతాయని ఏడవకు, నాకు చిరాకు."

ఆమె గోళ్లు విరిగాయి. ఏడవలేదు.

తిరిగొచ్చి రెండు నగరాల్లోనూ ఉండలన్నీ తడిమింది. వెచ్చగా తగిలిన ప్రతిచోటా పసుపు పూసింది. ఒక ఉండ అడుగున, పసిబిడ్డ ఊపిరంత వెచ్చదనం తగిలింది. విప్పగానే పాలు పొంగాయి. తమ్ముడు గుటకలు వేశాడు.

తరవాత రెండు నగరాలూ ఆమెనే రాణిని చేసుకున్నాయి. ఆమెను పెళ్లాడవచ్చిన ఒక రాకుమారుడు, చెరగని పసుపు అంటిన ఆ చేతులు చూసి ముక్కు చిట్లించాడు.

"గౌరమ్మా, ఈయనకు గుమ్మం చూపించు," అంది రాణి. "దారిలో బురదవాగుందని మాత్రం చెప్పకు."