ముందు ఆయనకు

మా ఇంట్లో నాకోసం ఏ కొత్త బట్ట వచ్చినా ముందు తొడుక్కునేది నేను కాదు, మా అన్న జైరాం. ఆయన చనిపోయి యాభై నాలుగేళ్ళయింది.

ఎలాగంటే, పెళ్ళికో పండక్కో నాకు చొక్కా కొంటారు. నా భార్య ఆండాలు దాని కాలరు మీద పసుపు బొట్టు పెట్టి, ముందు గదిలో అన్న ఫొటో కింద స్టూలు మీద పరుస్తుంది. ఊదుబత్తి వెలిగించి దండం పెట్టుకుంటుంది. ఒక పూటంతా చొక్కా అక్కడే ఉంటుంది. ఆ తర్వాత తెచ్చి నా చేతిలో పెట్టి, "ఆయన తొడుక్కున్నడు. ఇగ నువ్వు తొడుక్కో" అంటుంది. మా వైపు రెండో భార్యలు కొత్త చీర కట్టుకునే ముందు, చనిపోయిన మొదటి భార్యకు ఇలాగే పెట్టుకుంటారు. మా అమ్మ ఆ పద్ధతినే తెచ్చి నా మెడకు చుట్టింది. ఎందుకంటే ఆండాలు మొదట మా అన్న భార్య.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. గొర్లు కాసే ఇల్లు. ఇద్దరు కొడుకుల్లో ఒకణ్ణే చదివించగలనని నాయన తేల్చేశాడు. అన్న చదివాడు, నేను ఏడో తరగతి దగ్గర ఆపేసి గొర్ల వెంట పోయాను. అన్న నేవీలో లెఫ్టినెంట్ అయ్యాడు. ఆండాలును చేసుకున్నాడు. ఏడాది తిరక్కుండానే డెబ్బై ఒకటి యుద్ధం వచ్చింది, ఆయన ఉన్న ఓడ మునిగింది. శవం రాలేదు. ముందు ఒక తంతి, తర్వాత ఆయన సామాన్లున్న ఇనుప పెట్టె వచ్చాయి.

అన్న రాసిన ఉత్తరాలు ఆండాలుకు చదివి వినిపించింది నేనే. ఆమెకు చదువు రాదు. 'కళ్ళు మూసుకుంటే నువ్వే కనిపిస్తున్నావు' అని ఆయన రాస్తే, అది నా నోటితో చెప్పాలి. ఆమె తలుపు పక్కన నిలబడి తల వంచుకొని నవ్వేది. నవ్వు ఆయనకు, చెప్పే పని నాకు. అప్పుడే నా మనసు చెడింది. తంతి వచ్చిన రోజు నేను గుండెలు బాదుకొని ఏడ్చాను, అది అబద్ధం కాదు. ఏడుస్తూనే, ఇక ఉత్తరాలు రావు కదా అనుకున్నాను. అదీ అబద్ధం కాదు.

రెండేళ్ళకు పెద్దలు కూర్చొని ఆమెను నాకే మారుమనువు చేశారు. మిర్యాలగూడ వచ్చి రైస్‌మిల్లులో బాయిలర్ దగ్గర పనికి కుదిరాను. కొడుకు మల్లేష్ పుట్టాడు. ఆండాలు నాకు ఏ లోటూ చేయలేదు. జ్వరమొస్తే రాత్రంతా మేలుకుంది. కానీ ఒక్కసారి కూడా ఆ తలుపు పక్కన నవ్విన నవ్వు నాకోసం నవ్వలేదు. బతికున్న మగాడైతే పోయి కాలర్ పట్టుకునేవాణ్ణి. ఇరవై ఏడేళ్ళ దగ్గర ఆగిపోయిన వాడితో ఏం కొట్లాడను? నాకు పళ్ళూడాయి, మోకాళ్ళు పోయాయి. ఆయన మాత్రం గోడ మీద తెల్ల యూనిఫాంలో అలాగే ఉన్నాడు.

పోయిన డిసెంబరులో సూర్యాపేట మాజీ సైనికులు అన్న సంస్మరణ సభ పెట్టారు. మల్లేష్ కూతురు నీరజ కోదాడలో లెక్చరర్. పొద్దున్నే కారులో వచ్చింది. నాకోసం తెల్ల చొక్కా తెచ్చింది. ఆహ్వానపత్రిక పైకి చదివింది.

"అమరవీరుడు లెఫ్టినెంట్ జైరాం గారి సతీమణి శ్రీమతి ఆండాలు గారికి సన్మానం..."

"నా పేరు ఉన్నదా అండ్ల?" అన్నాను.

నీరజ కాగితం తిప్పి చూసింది. "లేదు తాతా. వాళ్ళకు తెలిసుండదు."

ఆండాలు ఏమీ వినపడనట్టు చొక్కా కాలరుకు పసుపు పెట్టి స్టూలు మీద పరిచింది. ఊదుబత్తి కోసం లోపలికి పోయింది. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. యాభై రెండేళ్ళు వాడి విడుపు బట్టలే కట్టాను. నా ఇంట్లో, నా భార్య చేతుల మీదుగా. చొక్కా గుంజి తొడుక్కున్నాను. గుండీలు చకచకా పెట్టేసి ఫొటో ముందు నిలబడి, "సూడు. ముందు నేనే" అన్నాను.

వెనక్కి తిరిగితే ఆండాలు ఊదుబత్తి పట్టుకొని గుమ్మంలో ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మెల్లగా అన్నది.

"ముందు నువ్వు తొడుక్కున్నవా? అయితే ఆయన వంతు ఇగ నీ ఎనక."

కారులో దారి సగం గడవకముందే వీపు తడిసినట్టయింది. డిసెంబరు చలి, చెమట పట్టే కాలం కాదు. చేయి వెనక్కి పెట్టి చూసుకున్నాను. చొక్కా నడుము దాకా తడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏదో వాసన. నా ఒంటికి నలభై ఏళ్ళుగా పట్టిన ఉడికిన వడ్ల వాసన కాదు. ఉప్పు, తుప్పు కలిసిన వాసన. అన్న ఇనుప పెట్టె తెరిచినప్పుడు ఒక్కసారే పీల్చాను అది. నేను సముద్రం ఎన్నడూ చూడలేదు.

సభలో నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆండాలుకు శాలువా కప్పారు. రెండు మాటలు చెప్పమంటూ మైకు ముందు నిలబెట్టారు. ఆమె మైకును చూడలేదు. నన్ను చూసింది. చూసి నవ్వింది.

అదే నవ్వు. తల వంచుకొని, తలుపు పక్కన నవ్విన నవ్వు.

అబద్ధమెందుకు చెప్పాలి, ఆ క్షణం నా అంత సంతోషపడ్డ మనిషి ఆ హాల్లో లేడు. డెబ్బై నాలుగేళ్ళ ముసలివాణ్ణి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె మెట్లు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు. నా కుడి చేయి పట్టుకొని, గుండీ విప్పి, చొక్కా చేతిని మడిచింది. ఒక మడత. ఇంకో మడత. తర్వాత ఎడమ చేతిది.

నేను చొక్కా చేతులు ఎన్నడూ మడవను. సెలవుల్లో ఇంటికొస్తే అలా మడిచేది మా అన్న. సరిగ్గా రెండు మడతలు.

ఆమె నా మణికట్టు నిమిరి చెవి దగ్గరికి వంగింది.

"ఎంత సల్లగున్నయి చేతులు... గింతసేపు నీళ్ళల్లనే ఉన్నవా?"



ఇంటికి చేరేసరికి పొద్దు గూకుతోంది. నీరజ దింపేసి కోదాడ వెళ్ళిపోయింది. మేం లోపలికి వచ్చామో లేదో కరెంటు పోయింది. ఆండాలు లోపలి గదిలోకి పోయింది. నేను చొక్కా విప్పి అన్న ఫొటో కింద స్టూలు మీద పెట్టాను. అది బరువుగా ఉంది. పిండితే బొక్కెనెడు నీళ్ళు వచ్చేలా ఉంది.

"తప్పయింది" అన్నాను గోడవైపు చూడకుండా. "తీసుకో. నీదే."

పెరట్లోకి పోయి ఒళ్ళు కడుక్కున్నాను. రెండు చెంబులు పోసుకున్నానో లేదో, ఇంట్లోంచి చప్పుడు వినిపించింది.

చప్... చప్... చప్...

తడి కాళ్ళతో గచ్చు మీద నడిచే చప్పుడు. ఆండాలు నడక కాదు. ఆమె కాళ్ళు ఈడుస్తుంది. ఇది నిదానంగా, బరువుగా ఉంది. చిన్నప్పుడు వాగులోంచి లేచి నా వెనకే వచ్చిన అన్న నడక. ముందు గదిలో ఆగింది. మళ్ళీ కదిలింది. లోపలి గది వైపు...

"ఆండాలూ!"

తువ్వాలు చుట్టుకొని పరుగెత్తాను. స్టూలు ఖాళీగా ఉంది. ఫొటో అద్దం లోపలివైపు నీటి చుక్కలు పట్టి ఉన్నాయి. మొహం కనిపించడం లేదు. స్టూలు దగ్గర్నుంచి గది దాకా గచ్చు మీద తడి.

గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆండాలు గుసగుసలాడుతోంది. మాటలు తెలియడం లేదు. మధ్యలో ఆగుతోంది. ఎవరో చెప్పేది విన్నట్టు ఆగి, మళ్ళీ చిన్నగా నవ్వుతోంది. నేను తలుపు నెట్టలేకపోయాను. భయం వల్లే అని చెప్పుకోవచ్చు. భయంతో పాటు ఇంకోటి కూడా ఉంది. నా భార్య గది బయట నేను నిలబడటం... ఆ కుళ్ళు నా కాళ్ళను గచ్చుకు మేకులు కొట్టినట్టు నిలిపింది.

"ఎవరున్నరు లోపట?" అన్నాను.

గుసగుస ఆగింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఆండాలు తల బయటకు పెట్టింది. ముడి విప్పిన తెల్ల జుట్టు తడిగా మెడకు అతుక్కుంది. నన్ను కిందికీ మీదికీ చూసింది. పరాయి మనిషిని చూసినట్టు కాదు. అంతకన్నా అన్యాయంగా, మరిదిని చూసినట్టు చూసింది.

"ఏంది మంగయ్యా, గొర్లు తోలుకొచ్చినవా? జర మెల్లగ మాట్లాడు. ఆయన ఇప్పుడే పండుకున్నడు."

తలుపు వేసేసింది. లోపల గడియ పడింది.

తెల్లారి నేను ఫోన్ చేస్తే నీరజ పరుగున వచ్చి ఆండాలును దవాఖానకు తీసుకెళ్ళింది. వయసుకు వచ్చే మతిమరుపని డాక్టరు చెప్పాడు. కొత్త రోజులు పోయి పాత రోజులే మిగులుతాయట. కావచ్చు. కానీ మతిమరుపుకు జుట్టు తడుస్తుందా? లోపలి గదిలో చాపను ఎండకు వేస్తే తెల్లగా ఉప్పు పొర తేలింది, అది ఎవరి మతిమరుపు? ఇవి నేను డాక్టరును అడగలేదు. నీరజకూ చెప్పలేదు. చెప్తే నా భార్య ఎవరితో ఉంటోందో చెప్పాల్సి వస్తుంది.

ఇప్పుడు నా పడక ముందు గదిలో, అన్న ఫొటో కింద. ఆండాలు నాకు వేళకు అన్నం పెడుతుంది. నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. వంట చేస్తూ ఒంటరిగా నవ్వుకుంటుంది. ఆ నవ్వు కోసం యాభై రెండేళ్ళు కాచుకున్నాను. రోజూ చూస్తున్నాను, నాది కాదు.

మొన్న ఉగాదికి మల్లేష్ కొత్త చొక్కా పంపించాడు. ఆకుపచ్చ గీతలది. మధ్యాహ్నం అన్నం తిని కుర్చీలో కూర్చున్నాను. ఆండాలు చొక్కా కాలరుకు పసుపు బొట్టు పెట్టి తెచ్చింది. ఫొటో వైపు పోలేదు. స్టూలు తెచ్చి నా కాళ్ళ ముందు వేసింది. దాని మీద చొక్కా పరిచింది.

"ఏం జేస్తున్నవ్ ఆండాలూ?"

ఊదుబత్తి వెలిగించింది. పొగ నేరుగా నా మొహం మీదికి వచ్చింది. దగ్గాను. ఆమె తలెత్తి చూడలేదు. కళ్ళు మూసుకొని రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టింది.

"ఆండాలూ... నేను బతికే ఉన్న. ఇటు సూడు."

పూటంతా అలాగే కూర్చున్నాను. లేవాలని చూస్తే కాళ్ళు కదల్లేదు. పొద్దు గూకే వేళకు ఆమె వచ్చి చొక్కా తీసి మడత పెట్టుకుంది. లోపలి గది గుమ్మంలో ఆగి, లోపలివైపు చూస్తూ మెల్లగా అన్నది.

"మంగయ్య తొడుక్కున్నడు. ఇగ నువ్వు తొడుక్కో."

ఆ చొక్కా నా ఒంటి మీదికి రానే లేదు. తెల్లారి చూస్తే పెరట్లో దండెం మీద ఆరేసి ఉంది. చేతులు రెండు మడతలు మడిచి ఉన్నాయి. అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి.